ఏ బెంజి?

సంఘం కార్యదర్శి వచ్చి, "సార్, సావనీరుకి ఒక వ్యాసం కావాలి. మెకానికల్ వాళ్ళే కాదు, తెలుగు డిపార్టుమెంటు వాళ్ళు కూడా చదివేటట్టు వుండాలి" అన్నాడు. థర్మోడైనమిక్స్ మీద వ్రాస్తే మా డిపార్టుమెంటు వాళ్ళే చదవరని నాకు అనుభవం. ఏం వ్రాయాలా అని చూస్తుండగా ఒక పాత విద్యార్థి ఫోను చేశాడు. మన కాలేజీ వదిలి ఇరవై యేళ్ళు దాటింది. గొంతు మాత్రం అప్పటిదే.

"మాష్టారూ, ఒక సలహా కావాలి. సెకండ్‌హాండు బెంజి ఒకటి వచ్చింది. కొత్త చిన్నకారు ధరకే ఇస్తానంటున్నాడు. బెంజి కదా, కళ్ళు మూసుకుని కొనెయ్యొచ్చా?"

"ఏ బెంజి?" అన్నాను.

"అదేమిటి మాష్టారూ, బెంజి అంటే బెంజే కదా! నల్లది. లోపల చెక్కపని భలే వుంది."

"ఏ సంవత్సరం? పెట్రోలా, డీజిలా? ఇంజను నంబరు ఎంత?"

"2005 అనుకుంటా. మిగతావి కనుక్కోలేదు."

ఆ డబ్బు ప్రావిడెంటు ఫండులోంచి తీస్తున్నాడని తరువాత మాటల్లో బయటపడింది. దానితో నవ్వులాట కట్టిపెట్టి అతనికి ఓ గంటసేపు చెప్పాల్సి వచ్చింది. ఆ చెప్పినదాన్నే కొంచెం సర్ది ఇక్కడ పెడుతున్నాను.

మన ప్రాంతంలో బెంజి అనే మాటకున్న పరపతి కార్లతో వచ్చింది కాదు. లారీలతో వచ్చింది. 1954లో టెల్కో కంపెనీ జర్మనీ డైమ్లర్-బెంజితో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూరులో లారీలు తయారుచెయ్యడం మొదలుపెట్టింది. 1969లో ఆ ఒప్పందం ముగిసేదాకా ఆ లారీల ముఖాన మూడు కోణాల నక్షత్రం వుండేది. ఘాటీ రోడ్లమీద రెట్టింపు లోడు వేసినా లాగిన బండ్లవి. ఒప్పందం పోయినా డ్రైవర్ల నోట "బెంజి బండి" అన్న మాట చాలాకాలం పోలేదు. విజయవాడలో ఒక కూడలిని ఈనాటికీ బెంజి సర్కిలనే పిలుస్తారు. తండ్రి మంచివాడైతే కొడుక్కి అప్పు పుట్టినట్టు, లారీ సంపాదించిన నమ్మకాన్ని కారు అనుభవించింది. కొడుకులందరూ తండ్రిలాగే వుంటారా అన్నదే ఇప్పుడు మన ప్రశ్న.

దానికి ముందు "నమ్మకమైన కారు" అనే మాటని విడదీయాలి. మామూలు సంభాషణలో దీనికింద మూడు వేరువేరు సంగతులు కలిపేస్తాం. నిర్ణీతకాలం, నిర్ణీత పరిస్థితుల్లో బండి ఆగకుండా పనిచేసే అవకాశం ఎంత అన్నది మొదటిది. ఇంజనీరింగు పుస్తకాల్లో రిలయబిలిటీ అంటే ఇదే. అదొక సంభావ్యత, అంటే సున్నాకీ ఒకటికీ మధ్య వుండే అంకె. బండి మొత్తం ఎన్నాళ్ళు మన్నుతుందన్నది రెండవది. పాడైతే బాగుచెయ్యడం ఎంత సులువు, ఎంత ఖర్చు అన్నది మూడవది. ఈ మూడూ ఒకే బండిలో వుండాలని లేదు.

గ్రీసు దేశంలో ఒక టాక్సీ డ్రైవరు కథ దీనికి మంచి ఉదాహరణ. ఆయన నడిపినది 1976 నాటి బెంజి 240 డి అనే డీజిలు కారు. 46 లక్షల కిలోమీటర్లు తిరిగాక, 2004లో కంపెనీవారు దాన్ని తీసుకుని తమ మ్యూజియంలో పెట్టారు. భూమి చుట్టూ సుమారు 115 సార్లు తిరిగినంత దూరం! ఈ సంగతి చెప్పగానే అందరూ "చూశారా, చెడిపోని కారు" అంటారు. కాని ఆ కారులో ఇంజను ఒకసారి కాదు, అనేకసార్లు మార్చారు. ఒకటి దించి మరమ్మతుకి పెట్టి, ఇంకొకటి ఎక్కించి తిరిగేవాడాయన. అంటే ఆ కారు గొప్పతనం చెడిపోకపోవడంలో కంటే, చెడిపోతే మళ్ళీ లేవడంలో వుంది. మన లారీ షెడ్లలో లైనర్లు మార్చి, రింగులు వేసి, నాజిళ్ళు పరీక్ష చేయించి మళ్ళీ రోడ్డెక్కించడం లాంటిదే అది.

ఇప్పుడు కాస్త లెక్క. తెలుగు డిపార్టుమెంటువారు భయపడనక్కరలేదు, ఇది గుణకారమే. ఒక యంత్రంలో నూరు భాగాలున్నాయనుకుందాం. అందులో ఏ ఒక్కటి పోయినా యంత్రం ఆగిపోతుంది. ఒక్కొక్క భాగం ఏడాదిపాటు పనిచేసే అవకాశం నూటికి 99 పాళ్ళు. బాగానే వుంది కదా అనిపిస్తుంది. మరి యంత్రం మొత్తం ఏడాది ఆగకుండా నడిచే అవకాశం? 0.99ని నూరుసార్లు గుణించుకోవాలి. వచ్చేది 0.366. అంటే మూడింట రెండు వంతులు ఆ యంత్రం ఏడాదిలోపే మొరాయిస్తుంది! భాగం నాణ్యత నూటికి 99.9కి పెంచితే మొత్తం 0.905కి వస్తుంది. ఇక భాగాలని నూరునుంచి వెయ్యికి పెంచారనుకోండి, అదే 0.905 నిలబెట్టుకోవాలంటే ఒక్కొక్కటి 99.99 పాళ్ళు నికరంగా వుండాలి. భోగపు కారుకున్న అసలు చిక్కు ఇక్కడే వుంది. సీట్లకి మోటార్లు, తలుపులకి మోటార్లు, స్ప్రింగుల బదులు గాలితిత్తులు, వీటిమీద పెత్తనానికి డజన్లకొద్దీ కంప్యూటరు పెట్టెలు. ధర ఎక్కువ పెట్టి మనం కొనుక్కునేది చాలావరకు భాగాల సంఖ్యనే. ఖరీదైన కారు చవక కారు కంటే తక్కువ చెడిపోవాలన్న నియమం ఏ లెక్కలోనూ లేదు. (ఏ ఒక్కటి పోయినా బండి ఆగిపోతుందన్నది నేను సులువుకోసం అనుకున్నది. సీటు మోటారు పోతే బండి ఆగదు, నడుం నొప్పి వస్తుంది అంతే.)

ఇంకొక బొమ్మ కూడా మనసులో పెట్టుకోవాలి. యంత్రాలు చెడిపోయే వేగాన్ని కాలంతోబాటు గీస్తే స్నానపు తొట్టి ఆకారం వస్తుంది. మొదట్లో ఎత్తుగా వుంటుంది. తయారీ లోపాలు బయటపడే శైశవదశ అది. తరువాత చాలాకాలం చదునుగా అడుగున సాగుతుంది. చివర్లో అరుగుదల మొదలై మళ్ళీ పైకి లేస్తుంది. కొత్తకారు కొనేవాడు తొట్టి ఎడమ గోడ దగ్గర నిలబడతాడు. మా పాత విద్యార్థి నిలబడబోయేది కుడిగోడ కింద.

మరి ఏ కారు నమ్మకమైనదో చెప్పే సర్వేలు వున్నాయి కదా అంటారు. వున్నాయి. అమెరికాలో జె.డి. పవర్ సంస్థ మూడేళ్ళ వయసున్న కార్ల యజమానుల్ని అడిగి, నూరు కార్లకి ఎన్ని సమస్యలో లెక్కకడుతుంది. అక్కడ ఫోను కారుతో కలవకపోవడమూ ఒక సమస్యే, గేర్‌బాక్సు పోవడమూ ఒక సమస్యే. జర్మనీలో ఎ.డి.ఎ.సి. అనే మోటారు క్లబ్బు 1978 నుంచీ రోడ్డుమీద ఆగిపోయిన బండ్ల లెక్క ప్రకటిస్తోంది. దానిలో ఎప్పుడూ పెద్ద పద్దు బ్యాటరీదే. తుప్పుపట్టిన కారు రోడ్డుమీద ఆగదు కనుక ఆ లెక్కలో అది మంచి కారే! అదే దేశంలో టి.యు.వి. వారి తనిఖీల్లో తుప్పు, బ్రేకులు, లైట్లు పట్టుబడతాయి. కాని ఇంజనులోపల పళ్ళు అరుగుతున్న చక్రం వారి కంటికి కనబడదు. ఒకే కారు ఒక లెక్కలో పైన, ఇంకొక లెక్కలో కింద వుండడానికి కారణం ఇదే. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరి గంప వారు మోస్తున్నారు.

ఇక కార్ల దగ్గరికి వద్దాం. బెంజివారు పేర్లు ఎన్ని మార్చినా, మెకానిక్కులూ అభిమానులూ వాటిని లోపలి నంబరుతోనే పిలుస్తారు. మనమూ అలాగే పిలుద్దాం.

డబ్ల్యు 123 అన్నది 1976 జనవరిలో బయటికొచ్చి 1986 దాకా తయారైంది. సుమారు 27 లక్షల కార్లు. జర్మనీలో టాక్సీ అంటే ఇదే అన్నంతగా వ్యాపించింది. కొత్తదానికోసం ఎంతకాలం కాచుకోవలసి వచ్చేదంటే, కొద్దిగా వాడిన కారు కొత్తదాని ధరకే అమ్ముడయ్యేది. మన దేశంలో ఒకప్పుడు స్కూటరు కోసం పేరు నమోదు చేసుకుని ఏళ్ళూపూళ్ళూ కూర్చున్నవారికి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు.

దీని డీజిలు రకాల్లోని రహస్యం తెలుసుకోదగ్గది. ఇంజను ఒకసారి అందుకున్నాక నడవడానికి కరెంటుతో పనిలేదు. డీజిలుని కొలిచి, సమయానికి అందించేది ఇంజనుతోబాటు తిరిగే ఇనప పంపు. కంప్యూటరు లేదు, స్పార్కు ప్లగ్గు లేదు. తాళంచెవి తిప్పి ఆపడం కూడా గాలి పీల్చే గొట్టంతోనే, అంటే వాక్యూంతో. ఆ గొట్టానికి చిల్లుపడితే ఏమవుతుంది? ఇంజను ఆగదు! తాళం తీసి జేబులో వేసుకున్నా అలా నడుస్తూనే వుంటుంది. బానెట్టు ఎత్తి చేత్తో మీట నొక్కి ఆపాలి. ఇది లోపమే, ఒప్పుకోవాలి. కాని అర్ధరాత్రి అడవిలో ఆగిపోయే లోపం కంటే ఆగని లోపం ఎంత నయమో ఆలోచించండి. డిజైనరు ఎటువైపు చెడిపోవాలో కూడా ఎంచుకోగలడు.

అయితే దీనికీ తుప్పు పట్టేది. 240 డి మొదట్లో ఇచ్చింది 65 హార్స్‌పవర్లే. ఎవరైనా దాటుకుపోవాలంటే ముందు రోజే సంకల్పం చెప్పుకోవాలి. మెల్లగా తిరిగే, భారం తక్కువ మోసే ఇంజను ఎక్కువకాలం మన్నడంలో వింతలేదు. పైగా ఇవాళ మనకి కనిపించే 123 కార్లన్నీ బతికి బయటపడ్డవే. పోయినవి పాతసామాన్లకి పోయాయి, అవి వచ్చి సాక్ష్యం చెప్పవు. చుట్టకాల్చి తొంభై యేళ్ళు బతికిన తాతగారిని చూసి చుట్ట మంచిదనుకోకూడదు కదా.

అదేకాలపు పెద్దకారు డబ్ల్యు 126, 1979 నుంచి 1991 దాకా. మంత్రులూ పారిశ్రామికవేత్తలూ ఎక్కిన ఎస్ క్లాసు. దాని కథా ఇంచుమించు ఇదే గనుక దాటిపోదాం.

1984 చివర వచ్చిన డబ్ల్యు 124ని చాలామంది ఇంజనీర్లు బెంజివారి ఉత్తమ రచన అంటారు, నేనూ ఆ పక్షమే. ముందు అద్దానికి ఒకే ఒక వైపరు. అది తిరుగుతూనే లోపలికీ బయటికీ జరిగి మూలలదాకా తుడుస్తుంది. మా క్లాసులో మెకానిజమ్స్ చెప్పేటప్పుడు బోర్డుమీద వేసి చూపించడానికి ఇంతకంటే అందమైన బొమ్మ దొరకదు. తన దేశంలో పదేళ్ళు తిరిగి పేరు తెచ్చుకున్నాక, 1995లో ఈ మోడలే పూనా దగ్గర టెల్కో ప్రాంగణంలో బిగించబడి మనదేశపు మొదటి బెంజి కారుగా బయటికొచ్చింది. మళ్ళీ అదే టెల్కో, అదే బెంజి.

ఈ 124లోనే నా వాదనకి ప్రధాన సాక్ష్యం వుంది. సుమారు 1992, 1995 మధ్య తయారైన వాటిల్లో ఇంజను వైర్ల పైతొడుగుకి, పర్యావరణానికి మేలని, కాలక్రమాన మట్టిలో కలిసిపోయే రకం పదార్థం వాడారు. ఉద్దేశం మంచిదే. కాని ఇంజను వేడికి అది మట్టిలో కలిసేదాకా ఆగలేదు. కొన్నేళ్ళకే ఎండుటాకులా పెళుసెక్కి రాలిపోవడం మొదలుపెట్టింది. రాగితీగలు బోసిగా ఒకదాన్నొకటి తాకితే ఇంజను మిస్సింగు ఇస్తుంది, ఒక్కోసారి ఖరీదైన కంట్రోలు పెట్టెల్నీ కాల్చేస్తుంది. మందు ఒకటే, ఆ వైర్ల కట్ట మొత్తం కొత్తది వెయ్యడం. అది వేసిన 124 మళ్ళీ పాత 124 అంత మంచిది. ఇప్పుడు చెప్పండి, 1988 నాటి కారూ 1994 నాటి కారూ పక్కపక్కన పెడితే బయటికి అన్నదమ్ముల్లా వుంటాయి. "124 నమ్మకమైనదేనా?" అన్న ప్రశ్నకి జవాబేమిటి? ఏ సంవత్సరం, వైర్లు మార్చారా, అన్నవి అడక్కుండా జవాబు లేదు. ఇంకొకటి గమనించండి. ఈ జబ్బు మూడేళ్ళ వయసులో కనబడేది కాదు. మూడేళ్ళ సర్వేలో ఆ కారుకి మంచి మార్కులే పడతాయి. మొదటి యజమాని హాయిగా తిరిగి అమ్మేసుకుంటాడు. వైర్లు రాలేది రెండో మూడో యజమాని చేతిలో.

1989లో ఒక సంఘటన జరిగింది. టొయోటా కంపెనీ అమెరికాలో లెక్సస్ అనే కొత్తపేరుతో ఎల్.ఎస్. 400 అనే కారుని దించింది. భోగంలో బెంజికి తీసిపోకుండా, ధర మాత్రం చాలా తక్కువలో. చెడిపోవడంలోనూ పేదదే! అప్పటిదాకా బెంజివారి పద్ధతి ఇంచుమించు ఇలా వుండేది: ఇంజనీర్లు తమకి నచ్చిన కారు చేస్తారు, ఖర్చు లెక్కవేసి దానిమీద లాభం కలిపి ధర పెడతారు. ఆ పద్ధతికి పరాకాష్ఠ 1991 నాటి డబ్ల్యు 140. పక్క అద్దాలు రెండు పొరలు, మూసీమూయకుండా వదిలేస్తే తలుపు తనంతట తానే లాక్కుని మూసుకునే ఏర్పాటు. మహాకాయం. ఏనుగుని పెంచినట్టే, కొనడం కంటే మేపడం కష్టం. ఆ తరువాత పద్ధతి తిరగబడింది. జనం ఎంత ఇస్తారో ముందు తేల్చుకుని, ఆ ధరలో ఇమిడే కారు చెయ్యమని ఇంజనీర్లకి చెప్పసాగారు. వ్యాపారరీత్యా అందులో తప్పు పట్టను. మన ఇళ్ళలో పెళ్ళిళ్ళకి కూడా బడ్జెట్టు ముందే వేసుకుంటాం. కాని ఎక్కడ తగ్గించారన్నది చూడాలి.

1995లో గుండ్రని నాలుగు కళ్ళతో వచ్చిన డబ్ల్యు 210 ఇ క్లాసులో అది తుప్పు రూపంలో బయటపడింది. తలుపుల అంచులు, చక్రాలపై రేకులు బుడగలెక్కేవి. అవి చూడ్డానికి అసహ్యం, అంతే. ప్రమాదకరమైనది ముందు స్ప్రింగుకి పైన ఆనుగా వెల్డు చేసిన గిన్నె. అది లోపల్లోపల తుప్పుపట్టి ఊడివస్తే స్ప్రింగు ఒక్కసారి జారిపోతుంది. జర్మనీలో మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడ ఈ జబ్బు ముదిరింది. మనకి ఆ ఉప్పు లేదు. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలికి నిలబెట్టిన కారైతే మాత్రం అడుగున టార్చిలైటు వేసి చూడాల్సిందే. విచిత్రమేమిటంటే దీని ఇంజన్లు బ్రహ్మాండమైనవి. గుండె దిట్టం, చర్మవ్యాధి ఘోరం.

ఈకాలపు అయిదు గేర్ల ఆటోమాటిక్ గేర్‌బాక్సు గురించి కూడా ఒకమాట. మొదట్లో దీనిలో నూనె జీవితాంతం మార్చనక్కరలేదన్నారు. ఎవరి జీవితాంతమో చెప్పలేదు. తరువాత కంపెనీవారే మార్చమన్నారు. ఆ గేర్‌బాక్సుకి వైర్లు వెళ్ళేచోట ఒక ప్లాస్టిక్కు మూతి, దానికో రబ్బరు రింగు. అది గట్టిపడితే నూనె చెమరుస్తుంది. చెమర్చిన నూనె వైర్ల లోపలినుంచే, దీపపువత్తిలో నూనె ఎక్కినట్టు ఎగబాకి, ఎక్కడో పైనున్న కంట్రోలు పెట్టెలోకి చేరుతుంది! ఫిజిక్సు లాబులో కేశనాళికల ప్రయోగం బోరు కొడుతోందనే కుర్రాళ్ళకి ఈ కథ చెబుతుంటాను. చవక రింగు సమయానికి మార్చకపోతే ఖరీదైన పెట్టె పోతుంది.

1998లో వచ్చిన ఎస్ క్లాసు, డబ్ల్యు 220లో ఇనప స్ప్రింగుల స్థానంలో గాలితిత్తులు వచ్చాయి. రబ్బరు ముసలిదైతే గాలి కారుతుంది, గాలి కారితే కంప్రెసరు ఆగకుండా పనిచేసి అదీ పోతుంది. పొద్దున లేచేసరికి కారు ఒకవైపు ఒంటెలా కూలబడి వుంటే కారణం ఇదే.

ఇప్పుడు మా వాడి నల్లకారు. 2005 ఇ క్లాసు అంటే డబ్ల్యు 211. ఇది 2002లో వచ్చింది. తుప్పు విషయంలో పాఠం నేర్చుకున్నారు, వొళ్ళు శుభ్రం. కాని బ్రేకుల్లో సాహసం చేశారు. మామూలు కారులో పెడలు తొక్కితే ఆ వొత్తిడి నూనె ద్వారా చక్రాలకి పోతుంది. ఎస్.బి.సి. అనే ఈ కొత్త ఏర్పాటులో పెడలు తొక్కడం కంప్యూటరుకి కబురు మాత్రమే. పంపు ముందే నిలవచేసిన వొత్తిడిని ఏ చక్రానికి ఎంత కావాలో అది పంచుతుంది. వాన పడుతుంటే మధ్యమధ్య బ్రేకు పళ్ళాల్ని తడి ఆరేట్టు తానే ఒత్తి తుడుస్తుంది కూడా. తెలివికి లోటులేదు. ఏర్పాటు విఫలమైతే పాతపద్ధతిలో ముందు చక్రాలకి మాత్రం నూనె వొత్తిడి వెళుతుంది. అప్పుడు పెడలు లోతుకి దిగి, బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. 2004 మే నెలలో ఈ బ్రేకుల తనిఖీకి 6,80,000 కార్లని వెనక్కి పిలిచారు. 2005 మార్చిలో బ్రేకులతోబాటు విద్యుత్తు పరికరాల తనిఖీకి 13 లక్షల కార్లని పిలిచారు. 2006లో ఇ క్లాసుకి మెరుగులు దిద్దినప్పుడు ఆ బ్రేకులే తీసేసి మామూలు నూనె బ్రేకులు పెట్టారు. ఇంతకంటే స్పష్టమైన ఒప్పుకోలు వుండదు. ఆ పెట్టెలో ఎన్నిసార్లు బ్రేకు తొక్కారో లెక్కపెట్టే మీటరు కూడా వుంది. లెక్క నిండితే మార్చమని హెచ్చరిక వెలుగుతుంది. మన ఊళ్ళ ట్రాఫిక్కులో ఆ లెక్క జర్మనీ రోడ్డుమీద కంటే ఎంత తొందరగా నిండుతుందో నేను చెప్పనక్కరలేదు.

అది బ్రేకుల సంగతి. ఇంజను పెట్రోలు వి-6 అయితే ఇంకో ప్రశ్న వుంది. 2004లో వచ్చిన ఎం 272 అనే ఇంజనులో కుదుపు తగ్గించడానికి ఒక బ్యాలన్సు షాఫ్టు పెట్టారు. టైమింగు చెయినుతో తిరిగే దాని పళ్ళచక్రం తొలి సంవత్సరాల ఇంజన్లలో కాలానికి ముందే అరిగిపోయేది. పళ్ళు అరిగితే చెయిను లెక్క తప్పుతుంది, డాష్‌బోర్డుమీద లైటు వెలుగుతుంది. చక్రం అరచేతిలో పడుతుంది. కాని దాన్ని మార్చాలంటే ఇంజను మొత్తం కారులోంచి దించాలి. పంటికోసం తల దించినట్టు! తరువాతి ఇంజన్లలో లోహం మార్చి సరిచేశారు. ఏది ముందుది, ఏది తరువాతది అన్నది ఇంజను నంబరే చెబుతుంది. అందుకే ఆ రోజు ఫోనులో మొదటే నంబరు అడిగాను.

అదే 211లో నాలుగు సిలిండర్ల డీజిలు, 2006 తరువాతది తీసుకోండి. ఆ బ్రేకులూ లేవు, ఆ చక్రమూ లేదు. జర్మనీలో టాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగినవి ఈ జాతివే. ఒకే పేరు, ఒకే ఆకారం, రెండేళ్ళ తేడా. ఒకటి ప్రావిడెంటు ఫండుని మింగుతుంది, రెండవది నూనె మార్చుకుంటూ పోతే నడిచిపోతుంది. బెంజి మంచిదా, లెక్సస్ మంచిదా అని చెట్టుకింద కూర్చుని వాదించే కుర్రాళ్ళకి నేను చెప్పేదిదే. రెండు కంపెనీల సగటుల మధ్య తేడా కంటే, ఒకే కంపెనీ రెండు సంవత్సరాల మధ్య తేడా ఒక్కోసారి పెద్దది. వీటిలో దాదాపు ఏ జబ్బూ మొదటి మూడేళ్ళలో కనపడేది కాదు. కొత్తగా కొన్నవాడికి అది నమ్మకమైన కారే. అతను అబద్ధమాడడం లేదు.

రెండు వారాల తరువాత మళ్ళీ ఫోను.

"మాష్టారూ, ఒక మెకానిక్కుని తీసుకువెళ్ళాను. అది పెట్రోలు వి-6. ఇంజను నంబరు ఫోటో తీశాం. పాత వరసలోదేనన్నాడు. బ్రేకు యూనిటు ఎప్పుడైనా మార్చారా, కాగితాలేవి అని అడిగితే ఆసామి ఇల్లు మారినప్పుడు పోయాయన్నాడు."

"మరి?"

"ఇంకో పాతికవేలు తగ్గిస్తానన్నాడు. వద్దని వచ్చేశాను. ఇప్పుడు ఇంకొకటి చూశాను. 2007ది, డీజిలు. సర్వీసు పుస్తకం వుంది, గేర్‌బాక్సు నూనె రెండుసార్లు మార్చినట్టు ముద్రలున్నాయి."

"ఏం రంగు?"

"తెల్లది మాష్టారూ. ముందు ఇంజను నంబరు చెప్తాను, వ్రాసుకోండి."